మాయ ఆ నవలలో లేదు

ఇటీవల ఆత్మకూరులో ఒక మిత్రుని గృహప్రవేశానికి వెళ్ళినప్పుడు సాహిత్యాభిమానులం నలుగురం ఒకచోట చేరాము. భోజనాలకు ఇంకా వేళ కాలేదు. మాటల సందర్భంలో నేను జోసె సరమాగో అనే పోర్చుగీసు రచయిత మృత్యువును గురించి వ్రాసిన నవలను ప్రస్తావించాను. చెన్నైలో ఉన్న మా మేనల్లుడు దాని ఆంగ్లానువాదాన్ని తెచ్చి ఇవ్వగా నిఘంటువు పక్కన పెట్టుకొని నెలరోజుల పాటు చదివాను. ఆ సంగతే చెప్పబోయాను.

నా మాట పూర్తి కాకముందే రెండు తీర్పులు వెలువడ్డాయి. కళాశాలలో పాఠాలు చెప్పే యువకుడు, "అది మాజిక్ రియలిజం సార్. మనవాళ్ళు మాంత్రిక వాస్తవికత అంటున్నారు. చమత్కారం చూసి ఆనందించాలి గాని మన బ్రతుకులతో పోల్చుకోకూడదు" అన్నాడు. నాతోపాటు భాషాప్రవీణ చదివిన మరొక పండితమిత్రుడు, "ఇందులో కొత్తేముందయ్యా? అంతా మన భారతంలో ఉన్నదేగా!" అన్నాడు. ఇంతలో విస్తళ్ళు వేశారని పిలుపు వచ్చింది. చర్చ అంతటితో ముగిసింది.

ఇద్దరూ నాకు ఆత్మీయులే. అయినా ఆ రెండు తీర్పులూ తప్పని నా నమ్మకం. తప్పు కావడమే కాదు, మన ఇళ్ళలో నిత్యమూ జరుగుతున్న ఒక దుర్మార్గాన్ని చూడకుండా తప్పించుకోవడానికి అవి రెండూ ఉపకరిస్తున్నాయి. ఆ దుర్మార్గంలో నాకూ భాగమున్నది. కనుక ఆనాడు విస్తరి ముందు చెప్పలేకపోయిన నాలుగు మాటలు ఇక్కడ చెప్పుకుంటున్నాను.

ముందుగా, చదవనివారి కోసం కథ క్లుప్తంగా. సరమాగో 1922లో పుట్టి, 1998లో నోబెల్ బహుమతి పొంది, 2010లో కన్నుమూశాడు. ఈ నవల 2005లో వచ్చింది. పేరులేని ఒక దేశం. కొత్త సంవత్సరం మొదటి రోజు మొదలుకొని ఆ దేశంలో ఎవరూ మరణించరు. జనం తొలుత పండుగ చేసుకుంటారు, ఇళ్ళముందు జెండాలు కడతారు. తరువాత అసలు సంగతి తెలిసివస్తుంది. చావు ఆగింది గాని వార్ధక్యం ఆగలేదు, రోగం ఆగలేదు, బాధ ఆగలేదు. కొనఊపిరితో ఉన్నవారు ఆ కొనఊపిరితోనే ఉండిపోయారు. రాజమాత అదే స్థితిలో ఉన్నది. రోడ్డు ప్రమాదంలో ఛిద్రమైనవాడూ అదే స్థితిలో ఉన్నాడు.

ఇక పెద్దల గగ్గోలు మొదలవుతుంది. చావు లేకపోతే పునరుత్థానం లేదు, పునరుత్థానం లేకపోతే మన సంస్థే లేదని మతాధిపతి ప్రధానమంత్రితో మొరపెట్టుకుంటాడు. శవసంస్కారాల వ్యాపారులు, పెంపుడు జంతువులను పూడ్చడమైనా తప్పనిసరి చేసి మమ్మల్ని బ్రతికించండని అర్జీ పెట్టుకుంటారు. బీమా కంపెనీలవారు ఎనభై ఏళ్ళు నిండిన మనిషి చచ్చినట్టే లెక్క అని కొత్త నిబంధన వ్రాసుకుంటారు. ఆసుపత్రులు మంచాలు చాలక వరండాలను నింపుతాయి. వృద్ధాశ్రమాలవారు ముందున్న కాలాన్ని తలచుకొని తల పట్టుకుంటారు.

ఇంతలో ఒక పల్లెటూరి పేద కుటుంబం ఒక ఉపాయం కనిపెడుతుంది. చావు ఆగింది తమ దేశంలోనే. సరిహద్దుకు ఆవల మామూలుగానే ఉన్నది. ఇంట్లో ఇటు చావకుండా అటు బ్రతకకుండా ఒక ముసలితాత ఉన్నాడు, ఒక పసిబిడ్డ ఉన్నాడు. తాతే నోరు తెరిచి అడుగుతాడు. ఒక రాత్రి ఇద్దరినీ కంచరగాడిద బండి మీద వేసుకొని సరిహద్దు దాటిస్తారు. దాటిన క్షణంలోనే ఇద్దరి ప్రాణాలూ పోతాయి. అక్కడే గొయ్యి తీసి పూడ్చి, ఏడుస్తూ తిరిగివస్తారు. సంగతి బయటపడ్డాక లోకం వారిని ఆడిపోసుకుంటుంది. ఆడిపోసుకున్న లోకమే కొద్దిరోజుల్లో అదే దారి పడుతుంది. ప్రభుత్వం కాపలా పెడుతుంది. కాపలా ఉన్నచోట దళారులు పుడతారు. ముఠా ఒకటి తయారై, సర్కారుతో లోపాయికారీగా ఒప్పందం చేసుకొని, రుసుము పుచ్చుకొని మనుషులను దాటించే వ్యాపారం నడుపుతుంది.

ఏడు నెలల తరువాత మృత్యువు టెలివిజన్ అధిపతికి ఊదారంగు కవరులో ఒక ఉత్తరం పంపి, తన పని మళ్ళీ మొదలుపెడుతుంది. ఇకమీదట వారం రోజులు ముందుగా తాఖీదు ఇస్తానంటుంది. అలా పంపిన ఉత్తరాల్లో ఒకటి మాత్రం ఎన్నిసార్లు పంపినా తిరిగివస్తుంది. అది సెల్లో వాయించే ఒక సంగీతకారునికి పంపినది. కారణం తెలుసుకుందామని మృత్యువు స్త్రీరూపం ధరించి అతని దగ్గరకు వెళ్ళడం, ఆ తరువాతి కథ నేను చెప్పను. మొదలైన వాక్యంతోనే పుస్తకం ముగుస్తుందని మాత్రం చెబుతాను.

ఇప్పుడు మొదటి తీర్పుకు వస్తాను. మాంత్రిక వాస్తవికత అన్న పేరు పెట్టగానే మన విమర్శకులు పని అయిపోయినట్టు పెన్ను మూసేస్తారు. నన్నడిగితే ఈ నవలలో అసంభవమైనది ఒక్కటే, చావు ఆగడం. అక్కడి నుంచి ప్రతి పుటా అచ్చమైన వాస్తవం. చావు ఆగితే మతాధిపతి ఏమంటాడు, బీమావాడు ఏం చేస్తాడు, మంత్రి ఎవరితో రహస్యంగా మాట్లాడతాడు అన్నది చెప్పడానికి మంత్రమూ అక్కరలేదు, తంత్రమూ అక్కరలేదు. ఏ తాలూకా కచేరీలోనైనా నాలుగు రోజులు తిరిగినవాడు ఊహించగలడు. గణితంలో 'య' విలువ ఇంత అనుకుందాము అని మొదలుపెడతాము. ఆ అనుకోవడాన్ని పట్టుకొని లెక్క అంతా కల్పన అనేవాడు ఉంటాడా? మన సినిమాలే చూడండి. 1977లో 'యమగోల' వచ్చింది. యమలోకంలో కథానాయకుడు ఉద్యోగులను కూడగట్టి యముడిని ముప్పుతిప్పలు పెడితే రాష్ట్రమంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. నవ్విన ప్రేక్షకుడికి ఆ ఉద్యోగులూ ఆ దస్త్రాలూ ఎక్కడివో తెలుసు. నేలటికెట్టు ప్రేక్షకుడికి తెలిసిన ఆ సంగతి పరాయిదేశపు పుస్తకం చేతికి వచ్చేసరికి మన పండితులకు తెలియకుండా పోతున్నది.

రెండవ తీర్పు నా తోటివారిది, కనుక నాకు మరింత బాధ కలిగించింది. "అంతా మన భారతంలో ఉన్నదే" అన్నాడు మిత్రుడు. ఉన్నమాట నిజమే. అయితే ఏమున్నదో చెప్పమంటే ఆయన చెప్పలేదు. నేను చెబుతాను.

ఆదిపర్వంలో పంచేంద్రోపాఖ్యానం ఉన్నది. తన కుమార్తెను అయిదుగురికి ఇవ్వడమెట్లా అని ద్రుపదుడు మథనపడుతుంటే వ్యాసుడు చెప్పిన కథ. నైమిశారణ్యంలో దేవతలు సత్రయాగం చేస్తున్నారు. యముడు అందులో శామిత్రం, అంటే యజ్ఞపశువును వధించే పని, నిర్వహిస్తున్నాడు. ఆ దీక్షలో ఉన్నందున భూమి మీద మనుషుల ప్రాణాలు తీయడం మానుకున్నాడు. జనం చావక పెరిగిపోయారు. ఇంద్రుడు, వరుణుడు, కుబేరుడు మొదలైనవారు కంగారుపడి బ్రహ్మ వద్దకు పరుగెత్తారు. మీరు అమరులు, మనుషులను చూసి మీకు భయమెందుకని బ్రహ్మ అడిగాడు. వారు చెప్పిన కారణం గమనించండి. భూమికి భారమైందని గాని, ముసలివారు బాధపడుతున్నారని గాని వారు అనలేదు. మర్త్యులు కూడా అమరులైపోతే మాకూ వాళ్ళకూ తేడా ఏముంటుంది, ఆ తేడా కోసమే వచ్చామన్నారు. యాగం పూర్తికాగానే యముడు తన పని తాను చేస్తాడని బ్రహ్మ ఊరడించి పంపాడు.

సరమాగో నవలలోని మతాధిపతికీ ఈ దేవతలకూ భేదమేమిటి? ఇతరుల చావు మీద తమ హోదా నిలిచి ఉన్న పెద్దల భయం అది. వ్యాసుడు ఆ భయాన్ని దాచలేదు, దేవతలని మొగమాటపడలేదు. మనం మాత్రం ఆ కథను ద్రౌపది వివాహానికి సమర్థనగా చెప్పుకొని దాటిపోతాము.

ద్రోణపర్వంలో మరొక కథ. అభిమన్యుడు కూలిన తరువాత దుఃఖిస్తున్న ధర్మరాజుకు వ్యాసుడు అకంపనుడనే రాజు కథ చెబుతాడు. కొడుకును పోగొట్టుకున్న ఆ రాజుకు నారదుడు మృత్యువు పుట్టుక వినిపించాడట. బ్రహ్మ సృష్టించిన ప్రాణులు పెరిగిపోయాయి, చావడమన్నది ఇంకా లేదు. బ్రహ్మ కోపాగ్నికి లోకాలు దగ్ధమవుతుంటే రుద్రుడు అడ్డుపడ్డాడు. అప్పుడు బ్రహ్మ శరీరం నుంచి ఒక స్త్రీ వెలువడింది. ఆమే మృత్యువు. ప్రాణులను సంహరించమని బ్రహ్మ ఆజ్ఞాపిస్తే ఆమె ఏడ్చింది. బిడ్డలను, తల్లులను, తండ్రులను నేనెట్లా చంపుతాను, వారికోసం ఏడ్చేవారి కన్నీళ్ళు నన్ను కాలుస్తాయి అన్నది. తప్పించుకుందామని ఏళ్ళ తరబడి తపస్సు చేసింది. ఆమె కన్నీళ్ళను బ్రహ్మ దోసిట పట్టాడు. ఆ కన్నీళ్ళే వ్యాధులైనాయి.

చంపడానికి మనసొప్పని స్త్రీగా మృత్యువును చిత్రించిన ఈ ఘట్టం చదివిన ఏ తెలుగువాడికైనా సరమాగో మృత్యువు సంగీతకారుని ఇంటి గుమ్మంలో నిలబడినప్పుడు ఒళ్ళు జలదరించాలి. ఇద్దరు రచయితలు, మధ్య ఎన్నో శతాబ్దాలు, ఒకరి సంగతి ఒకరికి తెలిసిన దాఖలా లేదు. అటువంటప్పుడు చేయవలసిన పని రెండింటినీ పక్కపక్కన పెట్టుకొని చదవడం. మనది ముందు, వాళ్ళది వెనుక అని చంక గుద్దుకోవడం చదువు కాదు. భారతంలో ఉన్నదని గర్వించేవారు భారతాన్ని తెరవకపోతే ఆ గర్వం ఎవరికి ఉపయోగం?

వ్యాకరణం చెప్పి బ్రతికినవాణ్ణి కనుక ఒక మాట. పోర్చుగీసులో మరణమన్న పదం స్త్రీలింగం. అందుచేత ఆ రచయితకు మృత్యువును స్త్రీగా నడపడం సులువైంది. తెలుగు అనువాదకుడు పుడితే అతనికీ చిక్కు లేదు. చిన్నయసూరి చెప్పిన మహత్తు, మహతి, అమహత్తుల విభాగాన్ని గుర్తుచేసుకోండి. ఏకవచనంలో మన భాష స్త్రీకీ వస్తువుకూ ఒకే క్రియ వాడుతుంది. "మృత్యువు వచ్చింది" అంటే వచ్చినది పదార్థమో, పడతియో వాక్యం చెప్పదు. పుస్తకం సగం దాకా ఆ గుట్టు దానంతట అదే నిలుస్తుంది. చిక్కు మరొకచోట ఉన్నది. ఆ మృత్యువు తన పేరును చిన్న అక్షరంతోనే అచ్చు వేయాలని పట్టుబడుతుంది. తాను ఆ దేశపు మనుషులకు మాత్రమే చెందిన చిన్న మరణమట, పెద్ద అక్షరపు మరణం వేరే ఉన్నదట. మన లిపిలో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ లేవు. నేనైతే చిన్నదాన్ని 'చావు' అనీ, పెద్దదాన్ని 'మృత్యువు' అనీ అనువదిస్తాను. మా అమ్మ ఎన్నడూ మృత్యువు అనలేదు. చావు అనే అన్నది.

ఇక మా అమ్మ సంగతి చెప్పాలి. చెప్పకుండా ఈ వ్యాసం వ్రాసే హక్కు నాకు లేదు.

మాది అనుమసముద్రంపేట. ఖాజా రహమతుల్లా వారి దర్గా వల్ల ఎక్కడెక్కడివారికో తెలిసిన ఊరు. మందులకు లొంగని జబ్బులవారు, మతి చలించినవారు, వారి వెంట అలసిపోయిన తల్లిదండ్రులు, కులమతాల ప్రసక్తి లేకుండా వచ్చి ఆ ఆవరణలో రాత్రులు నిద్ర చేస్తారు. ఆశ ఎంత దూరం నడిపిస్తుందో చిన్ననాటి నుంచీ చూస్తూ పెరిగినవాణ్ణి. 2019లో, నేను పదవీ విరమణ చేసిన సంవత్సరమే, ఎనభై ఆరేళ్ళ మా అమ్మకు మెదడులో నరం చిట్లింది. నెల్లూరులో ఒక ఆసుపత్రిలో చేర్చాము. రెండవ రోజు వెంటిలేటరు పెట్టారు. పందొమ్మిది రోజులు అట్లాగే ఉన్నది. గొట్టం లాగేసుకుంటుందని చేతులు మంచానికి కట్టారు. తెలివి లేని మనిషి చేతులు ఎందుకు కట్టారని అడగడానికి నాకు నోరు రాలేదు.

అయిదవ నాడే ఒక వయసు మళ్ళిన వైద్యుడు నన్ను పక్కకు పిలిచి, "పంతులుగారూ, తిరిగి రావడం కష్టం. మీకు ఆమె ఏమైనా చెప్పి ఉన్నారా?" అని అడిగాడు. అమ్మ చెప్పింది. ఎన్నోసార్లు చెప్పింది. "ఒరే, నన్ను ఆసుపత్రి మంచం మీద చంపబాకండి. మన వసారాలో తులసితీర్థం పోసి పంపించండి" అన్నది. ఆ మాట వైద్యునితో చెప్పడానికి నా నాలుక ఆడలేదు. "చివరిదాకా చూడండి" అన్నాను. ఆ మాట వెనుక ఉన్నది తల్లి మీది ప్రేమ ఒక్కటే అని ఇన్నేళ్ళూ చెప్పుకున్నాను. అది సగమే నిజం. ముసలామెను డబ్బుకు వెనుకాడి వదిలేశారని ఊరు అనుకుంటుందన్న భయం మిగతా సగం. ఆ భయానికి నా పదవీ విరమణ సొమ్ములో చాలా భాగం పోయింది. సొమ్ము పోయినందుకు విచారం లేదు. ఆ పద్నాలుగు రోజులు అమ్మ పడింది, నేను పడలేదు.

పందొమ్మిదవ రోజున ఇంటికి తీసుకుపోతామన్నాము. ఒక కాగితం ఇచ్చారు. వైద్యుల సలహాకు విరుద్ధంగా, మా ఇష్టం మీద రోగిని తీసుకుపోతున్నామని అందులో ఉన్నది. చేసేది ఏమీ లేదని నోటితో చెప్పినవారే ఆ కాగితం ఇచ్చారు. అది అబద్ధమని వారికి తెలుసు, నాకు తెలుసు. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు సత్యవాక్యం గురించి పద్యాలు చెప్పిన చేత్తో సంతకం చేశాను.

అంబులెన్సులో ఒక కుర్రవాడు చేత్తో గాలిసంచి నొక్కుతూ కూర్చున్నాడు. బుచ్చిరెడ్డిపాళెం దాటింది, సంగం దాటింది. నొక్కుతూనే ఉన్నాడు. ఇల్లు చేరాక అమ్మను వసారాలో చాప మీద పడుకోబెట్టారు. ఎదురింటి ముస్లిం సోదరి దర్గా నుంచి తెచ్చిన తాయెత్తు మంచం దగ్గర పెట్టింది. తమ్ముడు తులసితీర్థం తెచ్చాడు. అప్పుడా కుర్రవాడు నావైపు చూసి, "అయ్యా, ఆపమంటారా?" అన్నాడు. ఇరవై ఏళ్ళు కూడా ఉండవు వాడికి. చట్టమూ శాస్త్రమూ వైద్యమూ కలిసి మోయవలసిన ప్రశ్నను వాడి నోట పెట్టి పంపించాము. నేను తల ఊపాను. వాడు చేయి తీశాడు.

ఏళ్ళ తరువాత ఆ నవలలో కంచరగాడిద బండి సరిహద్దు దాటే ఘట్టం చదువుతున్నప్పుడు పుస్తకం మూసి వసారాలోకి వెళ్ళి కూర్చున్నాను. ఆ పేదవాళ్ళ సరిహద్దు దేశం అంచున ఉన్నది, మాది మా ఇంటి గడపలో ఉన్నది. ఆసుపత్రిలో చావు ఆగి ఉన్నది, గడప దాటగానే వచ్చింది. ఇట్లా గాలిసంచితో ఇంటికి వచ్చినవారు మా అమ్మ ఒక్కతే అనుకుంటున్నారా? మీ మీ ఊళ్ళలో అడిగి చూడండి. అందుకే నేను అంటున్నాను, మాయ ఆ నవలలో లేదు. మాయ నేను సంతకం పెట్టిన కాగితంలో ఉన్నది.

"అది వాళ్ళ దేశపు సమస్య" అనేవారికి మన రాష్ట్రంలోనే జరిగినదాన్ని గుర్తుచేస్తాను. 2004 డిసెంబరులో హైదరాబాదులో వెంకటేశ్ అనే పాతికేళ్ళ చదరంగం ఆటగాడు కండరాల క్షీణతతో మరణశయ్య మీద ఉన్నాడు. అవయవాలు పాడైపోకముందే వాటిని దానం చేసి వెళ్ళనివ్వమని అతని కోరిక. కన్నతల్లి ఉన్నత న్యాయస్థానానికి వెళ్ళింది. అప్పటి చట్టం ఒప్పుకోదని న్యాయస్థానం తిరస్కరించింది. అతడు ఆ నెలలోనే మరణించాడు. ఆ తల్లి అడిగినదానికి న్యాయస్థానం ఒప్పుకొని ఉండవలసిందని నేను అనను. అది మరీ పెద్ద ప్రశ్న. ఆ కథ 2022లో హిందీ సినిమాగా వచ్చేదాకా తెలుగువాళ్ళం దాన్ని మరచిపోయామే, నా అభ్యంతరం దానికి. మన గడ్డ మీద పుట్టిన ప్రశ్న మీద మనం ఒక మంచి నవల వ్రాసుకోలేదు. సరిగ్గా ఆ మరుసటి సంవత్సరమే పోర్చుగల్‌లో ఒకాయన వ్రాశాడు.

చట్టం కూడా అక్కడే ఆగిపోలేదు. 2011లో ముంబయి నర్సు అరుణా షాన్‌బాగ్ విషయంలో సర్వోన్నత న్యాయస్థానం, తిరిగి కోలుకోనివారికి కృత్రిమంగా ప్రాణం నిలిపే చికిత్సను ఉన్నత న్యాయస్థానం అనుమతితో ఉపసంహరించవచ్చునన్నది. 2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, గౌరవంగా మరణించడం జీవించే హక్కులో భాగమని చెప్పి, తెలివిలో ఉన్నప్పుడే మనిషి తన కోరికను వ్రాసిపెట్టుకోవచ్చునన్నది. మేజిస్ట్రేటు సంతకం వంటి నిబంధనలతో అది ఆచరణకు అందకపోతే 2023 జనవరిలో సులభం చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి నోటరీతో గాని గెజిటెడ్ అధికారితో గాని ధ్రువీకరింపజేసుకుంటే చాలు. ఆ పైన ఆసుపత్రిలో రెండు వైద్యమండలులు ఒకదాని తరువాత ఒకటి పరిశీలించి చెప్పాలి. మా అమ్మ మంచాన ఉన్న 2019 నాటికి 2018 తీర్పు ఉన్నది. దాని పేరైనా ఎవరూ ఎత్తలేదు. నాకు తెలియదు. రోజూ రెండు పత్రికలు చదివే తెలుగు పండితునికి తెలియలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, రావాలి కూడా. ఇట్లా దారి తెరిస్తే ఆస్తి కోసం ముసలివాళ్ళను పంపించివేసే కొడుకులు ఉండరా? ఉంటారు. సరమాగో వారినీ చూశాడు. ముఠా కథంతా అదే. అయితే ఆ ముఠా ఎప్పుడు పుట్టిందో గమనించండి. ప్రజలు చీకట్లో చేసుకుంటున్న పనిని ప్రభుత్వం చూడనట్టు నటించినప్పుడు పుట్టింది. దురాశాపరుడైన కొడుకుకు అనువైనది మౌనమే. తల్లి తన కోరికను సాక్షుల ఎదుట వ్రాసిపెడితే, వైద్యులు మండలిగా కూర్చొని నిర్ణయిస్తే, వాడి చేతిలో ఏముంటుంది? మరొక ఆక్షేపణ. వైద్యమే అందని పేదల మధ్య ఈ ఉపన్యాసమేమిటి అని. 2021లో ఆక్సిజన్ కోసం పరుగులు పెట్టిన కుటుంబాలను నేనూ చూశాను. బ్రతకగలవాడికి ఊపిరి అందించడం మొదటి ధర్మం, అందులో వాదమే లేదు. బ్రతకలేనివారికి బలవంతంగా నడిపే ఊపిరి గురించే నా మాట. ఒకరికి అందని యంత్రం మరొకరి చేతులు కట్టి మరీ నడుస్తున్నది. ఈ రెండు అన్యాయాలనూ కలిపి చూడకుండా ఒకదానితో మరొకదాన్ని కప్పిపుచ్చకూడదు.

పండితుడిగా నన్ను ఎక్కువగా కలవరపెట్టినది మాటల కొరత. చనిపోయాడు అనడానికి మనకు ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టండి. కన్నుమూశారు, కాలం చేశారు, పరమపదించారు, శివైక్యం చెందారు, దివంగతులైనారు, కీర్తిశేషులైనారు, పోయారు. చావనివ్వకుండా ఉంచడానికి మాత్రం "వెంటిలేటరు మీద పెట్టారు" అన్న ఒక్క మాటే ఉన్నది. 'కారుణ్య మరణం' అని పత్రికలు వాడుతున్నాయి. అందులో చంపేవాడి కరుణ వినబడుతుంది గాని పోయేవాడి కోరిక వినబడదు. మాట లేనిచోట తల్లీకొడుకులు దేనితో మాట్లాడుకుంటారు? మా అమ్మకు మాట ఉన్నది, 'వసారా' అన్నది. నేను దాన్ని వైద్యుని భాషలోకి మార్చలేకపోయాను. మాంత్రిక వాస్తవికత వంటి పదబంధాలు కట్టడానికి వెచ్చించే శ్రమలో కాస్త ఇటువైపు వెచ్చించమని విజ్ఞులను వేడుకుంటున్నాను.

ఆ నవలలో ఒక చిన్న కథ వస్తుంది. చేతులు వణికే ముసలితండ్రికి కొడుకు చెక్కగిన్నెలో తిండి పెడతాడు. మనవడు కొయ్యముక్క తీసుకొని చెక్కుతుంటాడు. ఏం చేస్తున్నావని అడిగితే, నీకు వయసు వచ్చాక నీకోసమని చెబుతాడు. మన ఇళ్ళలో ఇదే కథను మట్టిమూకుడు పెట్టి చెబుతారు. నేను తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. ముసలివాళ్ళను తక్కువగా చూడవద్దని నీతి చెప్పి ముగించేవాణ్ణి. ఇప్పుడు చెప్పవలసివస్తే మరొకటి కలుపుతాను. మా అమ్మ మంచం పక్కన నిలబడి నేను చేసినదంతా మా అబ్బాయి చూశాడు. రేపు వాడు నాకు చేయబోయేది కూడా అదే, ప్రేమతోనే, భయంతోనే. వాడు వేరే విధంగా చేయాలంటే నేను ముందుగా చెప్పి ఉండాలి.

అందుచేత మొన్న ఒక కాగితం వ్రాశాను. తెలుగులోనే వ్రాశాను. తిరిగి తెలివి రాదని వైద్యులు నిశ్చయించినప్పుడు యంత్రంతో ఊపిరి నడపవద్దు, నొప్పి తెలియకుండా చూడండి, చేతులు కట్టవద్దు, ఇంటికి తీసుకురండి అని నాలుగు మాటలు. మా ఆవిడ చదివి, చాలాసేపు పలకలేదు. తరువాత, "ఇంటికి తీసుకురండి అన్నది మొదట ఉండాలి" అన్నది. ఆ వరుసలోనే తిరగవ్రాశాను. సాక్షులుగా ఇద్దరు పూర్వ విద్యార్థులను అడిగితే ఒకడు వెంటనే ఒప్పుకున్నాడు. రెండవవాడు, "అయ్యవారా, ఈ అపశకునపు పనులు మనకెందుకు?" అని వెనక్కు తగ్గాడు. వాడికి నవల ఇచ్చాను. వాడికి ఆంగ్లం బాగానే వచ్చును. చదివి వస్తానన్నాడు. ఎదురుచూస్తున్నాను.

ఆత్మకూరు మిత్రులిద్దరికీ ఇదే నా జవాబు. పుస్తకం చదవండి. తరువాత ద్రోణపర్వం తెరవండి. ఆ తరువాత, ఇంట్లో పెద్దవారు ఉంటే, వారి దగ్గర కూర్చొని ఎట్లా వెళ్ళిపోవాలని ఉన్నదో అడగండి. వారు చెబుతారు. చెప్పాలని ఎంతోకాలంగా చూస్తూ ఉంటారు.

స్వస్తి.